మూసిన కొట్లో దీపం

రబ్బీ ఎల్యాకీమ్‌గారు పొద్దున పూట దైవచింతన చెబుతున్నంతసేపూ ఆ ఇంటి వంటింట్లో కుళాయి తిప్పడానికి వీల్లేదు. ఫ్రిజ్ తలుపు తియ్యకూడదు. గిన్నె మీద గిన్నె పెట్టకూడదు. దగ్గొస్తే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకోవాలి. ముందు గదుల్లో కూర్చుంటే రోడ్డు మీది బస్సుల మోత వినిపిస్తుంది. వంటిల్లొక్కటే సందు లోపలివైపు ఉంది. అంచేత లోకానికి వెలుగు ఉల్లిపాయ తొక్కల మధ్య నుంచే బయల్దేరాలి.

ఆ వెలుగు పేరు ‘పొద్దుటి దివ్వె’. మూడు నిమిషాల మాట. ఫోన్లో చెప్పి బొటనవేలితో నొక్కితే చాలు, యెరూషలేంలో మొదలుపెట్టి ఎక్కడెక్కడి యూదుల ఫోన్లకో వెళ్ళిపోతుంది. బస్సుల్లో నిలబడి వింటారు, అంట్లు తోముతూ వింటారు, పార్కుల్లో నడుస్తూ వింటారు. ఎల్యాకీమ్‌గారి కంటబడిన ప్రతి వస్తువులోనూ ఒక పాఠం ఉంటుంది. లిఫ్టు చెడిపోతే, మోషే కొండెక్కిన రోజున లిఫ్టు ఉందా అన్న ప్రశ్నతో ఆ పూట గడిచింది. ఫోన్లో ఛార్జింగు అయిపోతే, ఆత్మకి సబ్బాతే ఛార్జరని మర్నాడు చెప్పారు. బట్టలుతికే మిషను మధ్యలో ఆగిపోయినప్పుడు, మన పశ్చాత్తాపాలు కూడా ఇలాగే సగం ఉతుకులో ఆగిపోతున్నాయని చెప్పి, చెప్పింది తనకే నచ్చి కళ్ళు తుడుచుకున్నారు. ఆ మిషను బాగుచేయించడానికి మాత్రం ఆయన భార్య నెహమా నెల్లాళ్ళు వెంటపడాల్సి వచ్చింది.

ఆ ఆదివారం పొద్దున నెహమా ఒక చేత్తో సగం తరిగిన ఉల్లిపాయ, రెండో చేత్తో కత్తి పట్టుకుని, పొయ్యి పక్కన బొమ్మలా నిలబడి ఉంది. కళ్ళు మండుతున్నాయి. తుడుచుకుంటే గాజులు గలగలమంటాయని తుడుచుకోలేదు. ఆయన చెప్పేది వినడం మానేసి చాలా కాలమైంది. ఆ మూడు నిమిషాల్లోనూ మధ్యాహ్నానికి ఏం వండాలో ఆలోచించుకుంటుంది. ఆ వేళ మాత్రం ‘మా సందులో’ అన్న మాట చెవిన పడింది.

“ప్రియ మిత్రులారా,” అంటున్నారు ఎల్యాకీమ్‌గారు, ఫోనుకి మాత్రమే వినిపించే తేనె గొంతుతో. “మొన్న సబ్బాతు రాత్రి సమాజమందిరం నుంచి ఇంటికి నడిచి వస్తున్నాను. కొత్త సంవత్సరానికీ ప్రాయశ్చిత్త దినానికీ మధ్య వచ్చిన సబ్బాతు అది, నిప్పు ముట్టరాని రాత్రి. పైన మన తీర్పు రాస్తున్న రోజులు. మా సందులో ఒక రొట్టెల కొట్టుంది. తలుపులు మూసి ఉన్నాయి, బాగుంది అనుకున్నాను. అంతలో ఏం చూశాను! తలుపు సందులోంచి దీపం! పొయ్యిలోంచి ఘుమఘుమలాడే వాసన! మనుషులకి కనపడకుండా తలుపు వేసుకోవచ్చు. ఆయనకి కనపడకుండా ఉండే తలుపు ఏ వడ్రంగి చేసిపెడతాడు? నేను పేరు చెప్పను. నాలుకని కాపాడుకోమంది కదా ధర్మశాస్త్రం...”

ఉల్లిపాయ ఘాటు ఒక్కసారిగా ఎక్కువైనట్టనిపించింది నెహమాకి. ఆ వాసన ఎవరిదో ఆమెకి తెలుసు. కుళాయి మూరెడు దూరంలో ఉంది. ఒక్క తిప్పు తిప్పితే నీళ్ళ చప్పుడు పడి ఆ మూడు నిమిషాలూ బూడిదలో కలిసేవి. చెయ్యి కుళాయి దాకా వెళ్ళింది. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి అక్కడే ఆగింది. ఎల్యాకీమ్‌గారు “శుభోదయం” అన్నారు, బొటనవేలితో నొక్కారు. దివ్వె బయల్దేరిపోయింది.

“ఆ కొట్టు జోహరా అత్తది,” అంది నెహమా.

“పేరు చెప్పలేదుగా.”

“మన సందులో రొట్టెల కొట్లు ఎన్నున్నాయండీ?”

ఆయన టీకప్పు దగ్గరికి లాక్కున్నారు. “సందులో అన్నాను గానీ ఏ సందో చెప్పలేదు.”

“మీరుండే సందు ఎవరికి తెలీదు? అది సరే. ఆ వాసన ఎవరిదో తెలుసా మీకు? మనది. మన హమీన్ కుండది.”

కప్పు పెదవుల దాకా వెళ్ళి ఆగింది. నెహమా చెప్పింది. శుక్రవారం సాయంత్రం, సబ్బాతు కోసం ముందే వెలిగించి వదిలేసే కరెంటు పెనం టప్పుమని కాలిపోయింది. కుండలో మర్నాటి భోజనానికని వేసిన మాంసం, చిక్కుళ్ళు, గోధుమలు అప్పటికే ఉడికాయి. రాత్రంతా వెచ్చగా ఉంచే చోటే లేదు. కుండని తువ్వాల్లో చుట్టుకుని సందులోకి పరిగెత్తింది. జోహరా అప్పటికే నిప్పులు కప్పేసి కొట్టు మూస్తోంది. “వెళ్ళవే, ఇప్పుడా వచ్చేది!” అని తిడుతూనే పొయ్యి తలుపు తెరిచి, నిప్పులు పక్కకి లాగి, కుండ లోపలికి తోసి, తలుపు చుట్టూ తడిపిండి మెత్తింది. పిండి మెత్తుతుండగానే సబ్బాతు మొదలైందని ఊరి సైరన్ మోగింది. ఇద్దరూ చేతులు కడుక్కుని గుమ్మం దిగాక చూసుకుంటే, పొయ్యి గదిలో లైటు వెలుగుతోంది. సైరన్ అయ్యాక ఆర్పడానికి లేదు. మర్నాటి దాకా అది అలాగే వెలిగింది.

“మరి నాకు చెప్పొద్దూ?” అన్నారు ఎల్యాకీమ్‌గారు.

“శుక్రవారం మీరు శుద్ధిస్నానానికని బయటికి వెళ్ళారు. శనివారం కుండ తెచ్చి వడ్డిస్తే రెండుసార్లు పెట్టించుకున్నారు. ‘ఈ వారం నీ చేతిలో ఏదో దైవకృప ఉంది’ అన్నారు. ఎక్కడ ఉడికిందని అడిగారా?”

ఆయన గడ్డం నిమురుకున్నారు. గడ్డం నిమిరారంటే ఏదో ఒక వాదన పుట్టబోతోందని అర్థం.

“రేపటి దివ్వెలో చెప్పేయండి. పొరపాటయింది, కుండ మాదే అని,” అంది నెహమా.

“అదెలా కుదురుతుంది? కాస్త ఆలోచించు. నేను ఆవిడ పేరెత్తలేదు. ఇప్పుడు ఆవిడ తప్పు చెయ్యలేదన్నాననుకో, మొదట అన్నది ఆవిణ్ణేనని నేనే చాటినట్టవుతుంది. నలుగురిలో మనిషి మొహం తెల్లబోయేట్టు చేస్తే రక్తం చిందించినంత పాపమన్నారు పెద్దలు. ఆ పాపం నన్ను చెయ్యమంటావా?”

నెహమా ఆయన్ని తేరిపార చూసింది. ఒక మనిషి తను తోసినవాళ్ళని గోతిలోంచి పైకి లాగకుండా ఉండడానికి ఇంత చదువు కావాలా అనిపించింది. ఆయన అప్పటికే రేపటి మాటకి ట్రాఫిక్ లైట్ల గురించి ఆలోచిస్తున్నారు. పసుపు రంగు లైటంటే పశ్చాత్తాపమట.

సోమవారం పొద్దెక్కేసరికి నెహమా కొట్టుకి వెళ్ళింది. ప్రాయశ్చిత్త దినం ఇంక రెండు రోజులే. మామూలుగా అయితే ఆ వారం జోహరా కొట్టు ముందు ఆడవాళ్ళు మోచేతులతో పొడుచుకుంటూ నిలబడతారు. ఉపవాసానికి ముందు తినే భోజనానికి గుండ్రటి రొట్టె ఆవిడ దగ్గరే కొనాలి. ఆ వేళ కొట్టు ముందు పిల్లి తప్ప ఎవరూ లేరు.

జోహరా లోపల పిండి తాళ్ళలాగా పేనుతోంది. ఆవిడకి వయసు చాలానే ఉంటుంది, ఎంతో ఆవిడకే తెలీదు. ముంజేతులు మాత్రం రోకళ్ళలా ఉంటాయి. పేనిన తాడుని చుట్టలు చుట్టలుగా చుట్టి, చివర కొసని కిందకి దోపి, అరచేత్తో ఒక్కసారి తడుతుంది. ఆ తట్టుడుతో రొట్టె లేచి కూర్చున్నట్టుంటుంది. పక్కన బల్ల మీద పొద్దుటి రొట్టెలన్నీ వరసగా అలాగే ఉన్నాయి. నువ్వులు కూడా రాలలేదు.

“ఏమైందే ఈ ఊరికి? ఉపవాసం అప్పుడే మొదలెట్టేశారా?” అంది జోహరా. ఆవిడ దగ్గర దివ్వెలు వచ్చే ఫోను లేదు. మాట్లాడ్డానికి పనికొచ్చే పాత ఫోనే ఉంది, అదీ పిండిలో పడి సగం పలుకుతుంది.

అంతలో గుమ్మం మీద చిన్న గంట మోగింది. వచ్చింది కొనేవాళ్ళు కాదు, గెదల్యా. కొట్లలో ధర్మం ప్రకారం వంట జరుగుతోందో లేదో చూసి కోషెర్ పత్రం ఇచ్చే కార్యాలయం మనిషి. ఎప్పుడొచ్చినా పిండి జల్లెడ ఎత్తి వెలుతురులో చూసి, ఒక రొట్టె జేబులో పెట్టుకుని పోతాడు. ఆ వేళ జల్లెడ వంక చూడలేదు.

“జోహరమ్మా, సబ్బాతు రాత్రి పొయ్యి వెలిగిందంట?”

“ఎవడ్రా అన్నది?”

“అందరూ అంటున్నారు. రబ్బీగారి దివ్వెలో వచ్చింది. పేరు చెప్పలేదనుకో. ఆయన పెద్దమనిషి కదా.”

జోహరా తలెత్తి నెహమా వైపు చూసింది. నెహమా తల దించుకోలేదు. అది ఒక్కటే ఆ వేళ ఆమె చేయగలిగిన మర్యాద.

“పొయ్యిలో కుండుంది. సైరన్‌కి ముందే పెట్టింది. లైటు ఆర్పడం మర్చిపోయాను, అంతే,” అంది జోహరా.

“ఎవరి కుండ?”

జోహరా రేకు తీసుకుని బల్ల మీద ఎండిన పిండి గీకడం మొదలుపెట్టింది.

“నాది,” అంది నెహమా.

గెదల్యా నవ్వాడు. మంచివాళ్ళ అబద్ధాలు విన్నప్పుడు నవ్వే నవ్వు అది. “మీ మనసు వెన్నమ్మా. రబ్బీగారి ఇల్లాలు కదా, ఇరుగుపొరుగుని కాపాడాలనే ఉంటుంది.”

“నేను అబద్ధమాడుతున్నానా?”

“అయ్యయ్యో, నేననలేదు. కానీ మీ ఇంటి కుండయితే రబ్బీగారికి తెలీకుండా ఉంటుందా? తెలిస్తే అలా అంటారా? ఆయన ఆ దివ్వెలోనే ఒక్క ముక్క అనమనండి, నాకు చాలు. మా పైవాళ్ళు పొద్దుటి నుంచి ఒకటే ఫోన్లు. పండగలయ్యేదాకా పత్రం తీసేయమన్నారు.”

అతను స్టూలు లాక్కుని ఎక్కి, గోడకున్న పత్రం దించాడు. దాని వెనక గోడ తెల్లగా ఉంది, చుట్టూ ఏళ్ళ నాటి పొగ మరక. స్టూలు దిగి, ఎప్పుడూ జేబులో పెట్టుకునే రొట్టె వైపు అలవాటుగా చెయ్యి చాపి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

గంట మోగి అతను వెళ్ళాక జోహరా గోడ మీది తెల్లటి చతురస్రాన్ని చూస్తూ ఉండిపోయింది. “ఉపవాసం అయిపోయాక పర్ణశాలల పండగ వస్తుంది. ఈ పండగల్లో కొట్టు మూసుకుంటే మళ్ళీ తెరిచే శక్తి నాకు లేదు పిల్లా. ఎదురు సందు వాడు పెద్ద ఓవెన్ పెట్టుకుని కూర్చున్నాడు.”

“కుండ నాదని మీరే ఎందుకు చెప్పలేదత్తా? వాడడిగాడుగా.”

“నేను చెప్తే రబ్బీగారి ఇంటి మీద చాడీ చెప్పినట్టుంటుంది. ఆ పని మీ ఆయన చేస్తాడు, నేను చెయ్యను,” అంది జోహరా. చుట్టిన రొట్టెల్ని పొడుగాటి కర్రబద్ద మీదికి ఎక్కించి పొయ్యిలోకి తోసింది. కొనేవాళ్ళు ఉన్నా లేకపోయినా పొంగిన పిండి ఆగదు కదా.

ఆ రాత్రి భోజనాల దగ్గర నెహమా అంతా చెప్పింది. ఎల్యాకీమ్‌గారు చాలా బాధపడ్డారు. రెండోసారి కూర వేయించుకుని మరీ బాధపడ్డారు.

“సరే. ధర్మం ఏం చెప్పిందో అదే చేస్తాను. ప్రాయశ్చిత్త దినానికి ముందు ఎదుటి మనిషిని క్షమాపణ అడగాలి. ముగ్గురి ముందు అడగాలి. రేపే అడుగుతాను,” అన్నారు.

నెహమాకి ఆశ కలిగింది. ఆ ఆశని తల్చుకుని ఆమె తర్వాత చాలాసేపు సిగ్గుపడింది.

మంగళవారం మధ్యాహ్నం ఎల్యాకీమ్‌గారు మంచి కోటు వేసుకుని, చేత్తో ఒక సంచి పట్టుకుని, ముగ్గుర్ని వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్ళారు. ఒకాయన మందిరం కోశాధికారి. ఇంకొకాయన ఫోన్ల డొప్పలు అమ్ముతాడు, దివ్వె వినందే పళ్ళు తోముకోడు. మూడోవాడు గెదల్యా. నెహమా ముందే వెళ్ళి పిండి బస్తాల పక్కన నిలబడింది. జోహరా కుంచెతో రొట్టెల మీద గుడ్డు సొన రాస్తోంది. అమ్ముడుపోని రొట్టెల్ని పక్క ఆస్పత్రికి పంపిస్తోందట, ఊరికే పారెయ్యడం ఇష్టం లేక.

“జోహరమ్మగారూ,” అన్నారు ఎల్యాకీమ్‌గారు తేనె గొంతుతో. “ఈ గడిచిన ఏడాదిలో తెలిసి గానీ తెలియక గానీ, మాట వల్ల గానీ మౌనం వల్ల గానీ మీ మనసు నొప్పించి ఉంటే నన్ను క్షమించాలి.”

“ఏ మాట?” అంది జోహరా.

“ఏదైనా.”

“ఏదైనా అంటే ఎట్టా నాయనా? నా కొట్టుకొచ్చి ఫలానా రొట్టె కావాలంటే ఇస్తాను. ఏదైనా ఇవ్వమంటే ఏమిచ్చేది? ఏం చేశావో చెప్పు.”

“నొప్పి ఏదైనా నొప్పేగా, తల్లీ.”

“ఏం చేశావో చెప్పు.”

ఎల్యాకీమ్‌గారు ముగ్గురి వైపు తిరిగారు. “క్షమించలేదు. చూశారుగా, ఇది మొదటిసారి.” అని గుమ్మం దిగి బయటికి వెళ్ళారు. గంట మోగింది. వెళ్ళిపోయారేమోనని నెహమా అనుకుంది. కోశాధికారి జేబురుమాలు తీసి మెడ తుడుచుకునేంతలో గంట మళ్ళీ మోగింది. ఎల్యాకీమ్‌గారు లోపలికొచ్చారు.

“జోహరమ్మగారూ,” అన్నారు, ఇప్పుడే ఊరి నుంచి వచ్చినవాడిలా. ఈసారి లేఖనాల్లోంచి రెండు వాక్యాలు చదివారు. మనిషి మట్టి అన్నారు, మట్టికి మట్టి మీద కోపమేమిటన్నారు.

“ఏం చేశావో చెప్పు,” అంది జోహరా. చేతిలో కుంచె ఆగలేదు.

“రెండు,” అని ఆయన మళ్ళీ బయటికి వెళ్ళారు. గంట మోగింది. ఫోన్ల డొప్పలాయన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. మళ్ళీ గంట మోగింది. మూడోసారి ఆయన సంచిలోంచి ఒక పెట్టె తీసి బల్ల మీద పెట్టారు. అడిగిన ప్రతిసారీ కొత్త పద్ధతిలో అడగాలని ధర్మం. కానుకతో బతిమాలడం మూడో పద్ధతి. పెట్టెలో తేనె కేకు ఉంది. పెట్టె మీద ఎదురు సందు కొట్టు పేరుంది.

జోహరా ఆ పేరు చదివింది. గుడ్డు సొన అంటుకోకుండా పెట్టెని మోచేత్తో పక్కకి జరిపింది.

“మూడు,” అన్నారు ఎల్యాకీమ్‌గారు, బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలి. “మూడుసార్లు అడిగినా క్షమించకపోతే పాపం ఇంక అడిగినవాడిది కాదు. మీరు సాక్షులు.”

గెదల్యా గోడ మీది తెల్లటి చతురస్రం వైపు చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు. నలుగురూ వెళ్ళిపోయాక గంట కాసేపు ఊగుతూనే ఉంది. నెహమాకి ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చినట్టుంది. ఇన్నాళ్ళూ ఆయన్ని చూసి నవ్వుకునేది, విసుక్కునేది. ఆ వేళ అసహ్యం వేసింది. ఆ అసహ్యంలో ఆదివారం కుళాయి దగ్గర ఆగిపోయిన తన చేతికి కూడా భాగముంది.

“మీ ఆయన బాగా చదువుకున్నాడే,” అంది జోహరా కుంచె కడుగుతూ.

బుధవారం పొద్దున, ఉపవాసానికి ముందు రోజు, ఎల్యాకీమ్‌గారు తెల్లటి చొక్కా వేసుకుని హుషారుగా వంటింట్లోకి వచ్చారు. ఆ సాయంత్రం నుంచి తిండీ నీళ్ళూ ఉండవు. రోజంతా మందిరంలో నిలబడాలి. ఉపవాసానికి ముందు ఆఖరి దివ్వె అదే. అంశం క్షమాపణ.

“అద్భుతమైన ఉదాహరణ దొరికింది,” అన్నారు కుర్చీ జరుపుకుంటూ. “ఒక మనిషి మూడుసార్లు గుమ్మం తొక్కి అడిగాడు, ఎదుటి గుండె కరగలేదు. అలాంటి గుండెల కోసం మనం ప్రార్థించాలి. పేరు చెప్పన్లే. ఆఁ, ముందు మన సంగతి. ఈ ఏడాదిలో ఏమన్నా అని ఉంటే క్షమించు నెహమా. ఇంక ఆ గిన్నెలు కదపకు.”

భార్యాభర్తలు ఆ రోజు ఒకర్నొకరు అడగడం ఆనవాయితీ. ఏటా ఆయన ఫోను సరిచూసుకుంటూ అడుగుతారు, ఆమె చేతులు తుడుచుకుంటూ సరే అంటుంది.

“క్షమించను,” అంది నెహమా.

ఆయన నవ్వారు. ఆమె నవ్వలేదు. “ఇది మొదటిసారి,” అంది.

“ఇదేం పరాచికం? సాయంత్రం ప్రార్థన ఉంది.”

“అందుకే చెప్తున్నాను. మనింటి గుమ్మానికి గంట లేదు. బయటికీ లోపలికీ తిరిగి లెక్కపెట్టుకుంటారేమో, నాకు వినపడదు. మందిరంలో తెల్లబట్టలు కట్టుకుని నిలబడి, ఇంట్లో ఆడది క్షమించలేదని ఆ దేవుడికే చెప్పుకోండి.”

ఎల్యాకీమ్‌గారి మొహం పాలిపోయింది. నెహమా ఆశ్చర్యంగా చూసింది. ఇన్నేళ్ళూ ఈ మనిషికి నమ్మకమంటూ ఏదీ లేదనీ, అంతా గొంతేననీ అనుకుంది. కాదు. ఆ ఉపవాసం ముగిసేసరికి పైన క్షమాపణ తలుపులు మూసుకుంటాయని ఆయన నిజంగా నమ్ముతున్నారు, నిజంగా భయపడుతున్నారు. నమ్మనివాడైతే జాలి పడేదేమో. నమ్ముతూ కూడా ఆ గంట మోగించుకుంటూ మూడుసార్లు తిరిగాడు! ఆమెకి ఆ మనిషంటే ఇంకా లోకువైపోయింది.

“నేనేం చెయ్యాలి?” అన్నారు ఎల్యాకీమ్‌గారు. ఫోనుకి మాట్లాడే గొంతు కాదు.

“ఆదివారం ఎక్కడ అన్నారో అక్కడే చెప్పండి. కుండ ఎవరిదో.”

చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. ఏ వాదనా పుట్టలేదు. ఫోను తీసి ఎదురుగా నిలబెట్టి మొదలుపెట్టారు. నెహమా వెళ్ళి కుళాయి పక్కన నిలబడింది.

“ప్రియ మిత్రులారా, నాకు తెలిసిన ఒక పండితుడు ఈ మధ్య పొరపాటున...”

నెహమా కుళాయి తిప్పింది. నీళ్ళు స్టీలు గిన్నె మీద పడి వంటిల్లంతా మోగింది. ఎల్యాకీమ్‌గారు చప్పున ఆపి, ఆమె వైపు చూసి, అదంతా చెరిపేశారు. ఆమె కుళాయి కట్టేసింది.

“ప్రియ మిత్రులారా, మా సందులో ఒక ఇంటి కుండ...”

మళ్ళీ నీళ్ళు.

“ఏమే, చెప్తున్నానుగా!”

“ఏ ఇంటిది?”

ఆయన చొక్కా పై గుండీ విప్పుకున్నారు. మూడోసారి మొదలుపెట్టినప్పుడు గొంతులో తేనె లేదు, గొంతుకడ్డంపడ్డ మాటల్ని ఒక్కొక్కటే బయటికి తీసినట్టుంది. “నేను ఎల్యాకీమ్‌ని. ఆదివారం నేను చెప్పింది తప్పు. ఆ కొట్టు జోహరమ్మగారిది. ఆ పొయ్యిలో ఉన్నది మా ఇంటి కుండ, సబ్బాతుకి ముందే పెట్టింది. ఆవిడ మాకు సాయం చేసింది. ఆ కుండలోది నేను తిన్నాను. తిని ఆవిడ మీద చెప్పాను. నిజం తెలిశాక కూడా మూడు రోజులు నోరు విప్పలేదు.”

నెహమా కుళాయి మీంచి చెయ్యి తీసేసింది. ఎల్యాకీమ్‌గారు కళ్ళు మూసుకుని నొక్కారు.

ఆమె రొట్టె కోసం సందులోకి వెళ్ళేసరికి కొట్టు ముందు మోచేతులు పొడుచుకుంటున్నాయి. ఆదివారం నుంచి మొహం చాటేసినవాళ్ళంతా “నేనప్పుడే అన్నాను, జోహరమ్మ అలాంటి మనిషి కాదని” అంటూ ఒకళ్ళ కంటే ఒకళ్ళు గట్టిగా చెప్పుకుంటున్నారు. గెదల్యా స్టూలెక్కి పత్రం తగిలిస్తున్నాడు, అది వంకరగా ఉందని కింది నుంచి నలుగురు సలహాలిస్తున్నారు. జోహరా ఎవరితోనూ మాట్లాడకుండా రొట్టెలు సంచుల్లో వేస్తోంది. నెహమా వంతు వచ్చాక చెయ్యి ఆపింది.

“మీ ఆయన చెప్పాడటగా?”

“చెప్పారత్తా.”

“ఏం చేశాడో చెప్పాడా?”

“చెప్పారు.”

“అయితే రమ్మను. ఈసారి ఒక్కసారి చాలు,” అంది జోహరా. ఎర్రగా కాలిన రొట్టె ఏరి నెహమా సంచిలో వేసింది.

ఇంటికొచ్చేసరికి ఎల్యాకీమ్‌గారు వంటింట్లోనే ఉన్నారు. మొహం వెలిగిపోతోంది. ఫోను ఆగకుండా గుర్రుమంటోంది.

“చూశావా! ఇంతకు ముందు ఏ దివ్వెకీ ఇన్ని జవాబులు రాలేదు. ఒకాయన రోడ్డు పక్కన కారాపుకుని ఏడ్చాడట. ఈ కాలంలో ఇంత వినయం ఎవరికుందని రాస్తున్నారు. పండగలయ్యాక దీన్నే వారం రోజులు సాగదీయొచ్చు నెహమా. కుండ నేర్పిన పాఠాలని.” ఇంకో మెచ్చుకోలు చదివి చిరునవ్వు నవ్వుకుని, ఫోను మీంచి కళ్ళు తీయకుండానే అడిగారు. “ఇప్పుడు క్షమించినట్టేగా?”

నెహమా రొట్టె బల్ల మీద పెట్టింది.

“లేదు. ఇది రెండోసారి,” అంది. “ఇంకోసారి మిగిలి ఉంది, తొందరపడి ఖర్చు పెట్టుకోకండి. జోహరా అత్త రమ్మంది. సాక్షులు అక్కర్లేదు, కేకు అక్కర్లేదు. వెళ్ళొచ్చాక అడగండి.”

ఎల్యాకీమ్‌గారు ఆమె మొహంలోకి చూసి లేచారు. టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళారు.

“ఫోను ఇక్కడ పెట్టి వెళ్ళండి.”

ఆయన వెనక్కి వచ్చి ఫోను బల్ల మీద పెట్టారు. ఒకసారి దాని వంక చూసి వెళ్ళారు. ఉల్లిపాయ తొక్కల్లో అది గుర్రుగుర్రుమంటూ వణుకుతూనే ఉంది. నెహమా కుళాయి బార్లా తిప్పి, పొద్దుటి నుంచి అలాగే పడి ఉన్న గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.